ట్రేడ్ అంటే వ్యాపారమేనా? ఒక ఇంగ్లీషు మాట లోతు మనమే చూసుకునే పద్ధతి

నేను ఒంగోలులో ఐటీఐ పిల్లలకి ఫిట్టర్ పని నేర్పుతాను. ఇరవై ఏళ్లు దాటింది. అడ్మిషన్ల రోజుల్లో ఏటా ఒకే గడి దగ్గర పెన్ను ఆగిపోవడం చూస్తుంటాను. పేరు, ఊరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు గబగబా రాసేస్తారు. ‘ట్రేడ్’ అన్న గడి రాగానే పిల్లవాడు తండ్రి మొహం చూస్తాడు, తండ్రి నా మొహం చూస్తాడు. “మాకు వ్యాపారాలేం లేవు సార్, రెండెకరాలు కౌలుకి చేసుకుంటాం” అంటాడు.

ఆ గడి దగ్గరే నాకు ఒక ఏడాది పోయింది. పదో తరగతి పాసై ఐటీఐకి దరఖాస్తు పెట్టినప్పుడు ‘ట్రేడ్’ ఎదురుగా ‘లేదు’ అని రాసి ఇచ్చాను. ట్రేడ్ అంటే వ్యాపారం అని బడిలో నేర్చుకున్నాను. మా ఇంట్లో వ్యాపారం లేదు, ఉన్నదల్లా టంగుటూరు దగ్గర ఒక పొగాకు బ్యారన్, అంటే పచ్చాకుని పొయ్యి వేడికి ఆరబెట్టే కొట్టం. నువ్వు ఏ పని నేర్చుకుంటావు అని ఆ గడి అడుగుతోందని నాకు చెప్పినవాళ్లు లేరు. కాగితం తీసుకున్నవాళ్లూ చూడలేదు. అసంపూర్తి దరఖాస్తు అని పక్కన పడేశారు. ఆ ఏడాదంతా బ్యారన్ దగ్గరే ఉన్నాను, పగలు కర్రలకి ఆకు కట్టడం, రాత్రి పొయ్యి కాడ కాపలా.

అందుకే ఇంగ్లీషు మాట పక్కన ఒక్క తెలుగు మాట రాయించి బట్టీ పట్టించడం నాకు ఇష్టం ఉండదు. మాట ఎక్కడ పుట్టింది, ఎవరి నోట మన దాకా వచ్చింది, ఇప్పుడు ఎన్ని చోట్ల ఎన్ని రకాలుగా తిరుగుతోంది అన్నది ఒకసారి చూసుకుంటే అది ఇక జన్మలో మర్చిపోం. అందుకు పెద్ద చదువు అక్కర్లేదు. ఒక నోటుబుక్కు, ఒక ఫోను, ఒక వారం ఓపిక ఉంటే చాలు. ఎలా చేయాలో ఈ ట్రేడ్ అన్న మాటతోనే చూపిస్తాను.

ముందు డిక్షనరీ తెరవొద్దు

ఇది నా మొదటి షరతు. డిక్షనరీ ముందే తెరిస్తే అందులో మొదటి వరుసలో ఉన్న అర్థం బుర్రలో కూర్చుంటుంది, ఇక మిగతావేవీ కంటికి ఆనవు. వారం రోజులు ఆ మాట ఎక్కడ కనబడితే అక్కడ, ఎక్కడ వినబడితే అక్కడ రాసుకోండి. మాట ఒక్కటే కాదు, మొత్తం వాక్యం రాయాలి. ఎవరు అన్నారు, ఎక్కడ అన్నారు, ఏ సందర్భంలో అన్నారు అన్నది కూడా రాయాలి. ఒక చీటీకి ఒక వాక్యం.

ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీని కట్టిందే ఇలాంటి చీటీలతో. 1879లో జేమ్స్ ముర్రే ఆ పని నెత్తికెత్తుకున్నాక, పాత పుస్తకాలు చదివి, మాట వాడిన వాక్యాన్ని చీటీ మీద రాసి పంపమని జనాన్ని అడిగాడు. లక్షల చీటీలు వచ్చాయి. మొదటి భాగం 1884లో బయటికి వస్తే, పని పూర్తయ్యేసరికి 1928 అయింది. అప్పటికి ముర్రే లేడు. రాసి పంపినవాళ్లలో ఎక్కువమంది మనలాంటి మామూలు మనుషులే.

పోయినసారి మా పిల్లలు తెచ్చిన చీటీలు చెబుతాను. టంగుటూరు పొగాకు వేలం కేంద్రంలో ఒక రైతు అన్న మాట: “ట్రేడర్లు రాలా, రేటు పడింది.” ఒక టిఫిన్ హోటల్లో గల్లాపెట్టె పైన ఫ్రేము కట్టించి పెట్టిన మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్స్. ఒకబ్బాయి వాళ్ల అన్న రాత్రిపూట ఫోన్లో చూసుకునే షేర్ల ట్రేడింగ్. ఆటో స్టాండులో ట్రేడ్ యూనియన్ బోర్డు. కారప్పొడి ప్యాకెట్ మీద పేరు పక్కన చిన్నగా ఉండే టీఎం, అంటే ట్రేడ్ మార్క్. మా పాత విద్యార్థి చూపించిన నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్. ఒకమ్మాయి తన చెల్లెలి సోషల్ పుస్తకం నుంచి ‘వ్యాపార పవనాలు’ అని రాసుకొచ్చింది, ఇంగ్లీషులో ట్రేడ్ విండ్స్. ఇంకొకడు చెన్నై హైవే పక్కన షెడ్డు మీద చూసిన ‘టైర్ రీట్రెడింగ్’ బోర్డు పేరు తెచ్చాడు. అది వేరే మాట రా అని మిగతావాళ్లు అన్నారు. నేను తీసేయనివ్వలేదు. ఆఖరికి అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చిన చీటీ అదే.

తప్పుగా తెచ్చిన చీటీని కూడా పారేయకండి. విడిగా ఒక కవర్లో ఉంచండి.

ఒక్క తెలుగు మాటను అన్నిట్లో పెట్టి చూడండి

చీటీలన్నీ బల్ల మీద పరిచి, మీకు తెలిసిన తెలుగు అర్థాన్ని ప్రతి దాంట్లో పెట్టి పైకి చదవండి. మనసులో కాదు, పైకి. అతకని చోట నాలుకే ఆగుతుంది.

ట్రేడర్ అంటే వ్యాపారి, సరిపోయింది. ట్రేడ్ లైసెన్స్ అంటే వ్యాపారానికి అనుమతి, అదీ సరే. తర్వాత ట్రేడ్ యూనియన్. వ్యాపారుల సంఘం అని చదివాడు ఒకబ్బాయి, చదివి వాడే ఆగిపోయాడు. వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు, ఆ సంఘంలో సభ్యుడు. వ్యాపారుల సంఘం వేరు, కార్మిక సంఘం వేరు అని వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ దగ్గర మళ్లీ ఆగారు. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్ నేర్చుకున్నవాళ్లకిచ్చే కాగితానికి వ్యాపార పత్రం అని పేరేంటి? ఇక గాలుల దగ్గర ఆ అమ్మాయే లేచి అడిగింది: “గాలి ఏం అమ్ముద్ది సార్?”

ఆ ప్రశ్న పుడితే మీ పని సగం అయిపోయినట్టే. అతకని చీటీలను ఒక పక్కకు తీసి పెట్టండి. మాట పాత అర్థం దాక్కునేది అతకని చోటే. అతికిన చీటీల వల్ల కొత్తగా తెలిసేది పెద్దగా ఏమీ ఉండదు.

ఇప్పుడు డిక్షనరీ

మాట పుట్టుక చెప్పే డిక్షనరీ కావాలి. ఫోన్లో ఆన్‌లైన్ ఎటిమాలజీ డిక్షనరీ ఉచితంగా దొరుకుతుంది. పెద్ద ఇంగ్లీషు డిక్షనరీల్లో కూడా మాట మొదట్లోనో చివర్లోనో చదరపు బ్రాకెట్లలో పుట్టుక ఇస్తారు. అక్కడ పొట్టి అక్షరాలు చూసి మనవాళ్లు భయపడి పేజీ మూసేస్తారు. భయం అక్కర్లేదు, నాలుగైదు తెలిస్తే చాలు. ఓఈ అంటే ఓల్డ్ ఇంగ్లీష్, సుమారు 1100కు ముందు మాట. ఎంఈ అంటే మిడిల్ ఇంగ్లీష్, అక్కడి నుంచి 1500 దాకా. ఓఎఫ్ అంటే పాత ఫ్రెంచి. ఎల్ ఒక్కటే ఉంటే లాటిన్. ఎంఎల్‌జీ అంటే మిడిల్ లో జర్మన్ (Middle Low German), ఉత్తర జర్మనీ తీరంలో ఆ రోజుల్లో మాట్లాడిన భాష. ఓబీఎస్ అని కనబడితే ఆ అర్థం ఇప్పుడు వాడుకలో లేదని. చాలామంది ఓబీఎస్ చూడగానే దాటేస్తారు. మీరు మాత్రం అక్కడే ఆగండి.

ట్రేడ్ దగ్గర ఎంఎల్‌జీ కనబడింది. 14వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చిన మాట. లూబెక్, హాంబర్గ్ లాంటి రేవుల నుంచి హన్సా అనే వర్తక నగరాల కూటమికి చెందిన వర్తకులు ఇంగ్లండుకి సరుకు తెచ్చేవాళ్లు, వాళ్ల నోటి వెంట వచ్చి ఉంటుందంటారు. అప్పుడు దాని అర్థం కొనడమూ కాదు, అమ్మడమూ కాదు. జాడ, బాట, తొక్కుడుపడిన దారి. ఓడ పట్టుకుని పోయే దారి.

ఇక్కడ ఆ రీట్రెడింగ్ చీటీ బయటికి తీశాను. హైవే పక్కన ఆ షెడ్డుకి పిల్లల్ని తీసుకెళ్లాను కూడా. అరిగిపోయిన లారీ టైరు పైపొరను గీకి, గరుకు చేసి, దాని మీద గాళ్లున్న కొత్త రబ్బరు పట్టీ చుట్టి ఉడకబెడతారు. ఆ పట్టీనే ట్రెడ్ అంటారు, రోడ్డును తొక్కేది అదే కాబట్టి. ఇంగ్లీషులో ట్రెడ్ అంటే తొక్కడం. ట్రేడ్, ట్రెడ్ రెండూ ఒకే వేరు నుంచి వచ్చిన అక్కాచెల్లెళ్లు. కాలు తొక్కేది ట్రెడ్, తొక్కగా తొక్కగా పడిన జాడ ట్రేడ్. పెళ్లికార్డులు అచ్చేసే పాత ప్రెస్సుల్లో కాలితో తొక్కే ట్రెడిల్ మెషిన్ ఉండేది, జిమ్ముల్లో ట్రెడ్‌మిల్ ఉంది, అవీ ఈ ఇంటివే. ఇలా ఒక మాటకి చుట్టాలు దొరికితే దాని పుట్టుక మీద మనకి నమ్మకం కుదురుతుంది. ప్రతి మాటకీ కనీసం ఇద్దరు చుట్టాల్ని వెతకండి.

మెట్లు దిగినట్టు కాదు, నడిచినట్టు చూడాలి

బాట అన్న మాట వ్యాపారం ఎలా అయింది? ఇది ఒక్క దూకులో జరగలేదు. మధ్యలో ఉన్న అడుగులు మీరే వేసి చూసుకోవాలి. ఈ పనిలో నాకు ఎక్కువ సంతోషం ఇచ్చేది ఈ ఘట్టమే.

రోజూ నడిచే దారి ట్రేడ్. రోజూ చేసే పని కూడా ఒక దారే కదా, దాన్నీ ట్రేడ్ అన్నారు. 1500ల మధ్యకి వచ్చేసరికి ఒక మనిషి నేర్చుకుని, దాని మీదే బతికే చేతిపని ట్రేడ్ అయింది. వడ్రంగం ఒక ట్రేడ్, కమ్మరం ఒక ట్రేడ్. దాదాపు అదే కాలంలో సరుకులు కొని అమ్మే పనికీ ఆ మాట అంటుకుంది. ఆ తర్వాత ఈ ఆఖరి అర్థమే పెద్దదై మిగతావాటిని కప్పేసింది. బడిలో మనకి చెప్పింది ఆ కప్పు ఒక్కటే.

ఇప్పుడు అతకని చీటీలు మళ్లీ తీయండి. ఇంగ్లండులో 19వ శతాబ్దంలో ఒకే చేతిపని చేసేవాళ్లు కలిసి కట్టుకున్న సంఘం ట్రేడ్ యూనియన్. మన దేశంలో దానికి చట్టం 1926లో వచ్చింది. ఐటీఐలో ట్రేడ్ అంటే చేతిపని. మా పిల్లలు రాసే పరీక్షకు చాలాకాలం ఆల్ ఇండియా ట్రేడ్ టెస్ట్ అనే పేరు. ఆ ట్రేడ్ కూడా ఈ ట్రేడే, ఆకురాయి పట్టి ఇనప ముక్కను మట్టం చేయడం వచ్చా రాదా అని చూసే పరీక్ష.

గాలుల సంగతి మరీ ముచ్చటైనది. పాత ఇంగ్లీషు నావికులు గాలి ‘ట్రేడ్’ వీస్తోంది అనేవాళ్లు. అంటే దారి తప్పకుండా, ఒకే వైపు నిలకడగా వీస్తోందని. భూమధ్యరేఖ వైపు ఉత్తరార్ధంలో ఈశాన్యం నుంచి, దక్షిణార్ధంలో ఆగ్నేయం నుంచి వీచే గాలులు అలాంటివి కాబట్టి 1600ల మధ్యలో వాటికి ఆ పేరు స్థిరపడింది. తర్వాతి కాలం వాళ్లు సరుకుల ఓడలకి సాయపడతాయి గనుక ఆ పేరొచ్చిందేమో అనుకున్నారు. మన పాఠ్యపుస్తకాల్లోకి ‘వ్యాపార పవనాలు’ అలాగే వచ్చి కూర్చుంది. నిలకడ గాలులు అని ఉంటే ఆ అమ్మాయి అడగాల్సిన అవసరమే ఉండేది కాదు. పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నట్టే రాయమన్నాను, మార్కులు పోకూడదు.

మన భాషలో ఆ దారి ఎక్కడుందో వెతకండి

ఇది వదిలేస్తే మాట సగమే అందుతుంది. ఇంగ్లీషు మాట నడిచిన దారిలో మన మాట ఏదైనా నడిచిందేమో చూడాలి.

కొన్నేళ్ల కిందట కొండపి వైపు నుంచి ఒక తల్లి కొడుకుని తీసుకొచ్చింది. ఫారంలో ట్రేడ్ గడి చూపించి, “ఇక్కడేం రాయమంటావమ్మా?” అని అడిగాను. “నాకేం తెలుసు సారూ, వాడికి ఏదో ఒక బతుకుదెరువు చూపించండి” అంది. ఆ మాట విని కాసేపు ఫారం మీద చెయ్యి కదల్లేదు. తెరువు అంటే దారి. తెరువరి అంటే బాటసారి. బతకడానికి పట్టుకునే దారి బతుకుదెరువు. 500 ఏళ్ల కిందట ఇంగ్లండులో ట్రేడ్ అనే మాట ఎలా అర్థం మార్చుకుందో, అచ్చం అలాగే మన మాట కూడా నడిచి ఆమె నోటి దాకా వచ్చింది. ఐటీఐ ఫారంలో ట్రేడ్ అన్న గడికి ఇంతకన్నా మంచి తెలుగు నాకు ఇప్పటికీ దొరకలేదు.

ఒక్కసారి ఆ కంటితో చూస్తే అంతటా అదే. “అంగడి ఎట్టా నడుస్తోంది?” అంటాం. షాపు నడుపుతాం. మనిషి తీరుని నడత, నడవడి అంటాం. సంస్కృతంలో పద్ధతి అన్న మాటకి మొదటి అర్థం కాలు తగిలి పడిన దారి, పద్ అంటే పాదం. అది మనకి ‘చేసే తీరు’ అయింది. అమరకోశం అనే పాత సంస్కృత నిఘంటువులో దారికి ఉన్న పేర్లలో పద్ధతితో పాటు వర్త్మ, వర్తని కూడా ఉన్నాయి. ఆ రెండూ పుట్టింది వృత్ అనే ధాతువు నుంచి, మన వర్తకం కూడా దాన్నుంచి వచ్చిందే. అదే కోశంలో సముద్రం మీద బేరానికి పోయేవాడు సాంయాత్రికుడు, ఆ మాటలోనే యాత్ర ఉంది. బేరం వేరే దారిన వచ్చింది, వ్యవహారం నోట నలిగి బేహారం, బేరం అయింది.

పిల్లల్ని ఒక ఆదివారం మోటుపల్లి తీసుకెళ్లాను. చిన్నగంజాం మండలం, మొన్న 2022 దాకా మన ప్రకాశం జిల్లానే, ఇప్పుడు బాపట్ల. కాకతీయ గణపతిదేవుడు 1244–45లో అక్కడ వేయించిన అభయ శాసనం సంగతి చెప్పాను. అంతకుముందు రాజులు, గాలివానకి దారి తప్పి ఒడ్డున పడి పగిలిన ఓడల్లోని బంగారం, గుర్రాలు, రత్నాలు అన్నీ లాగేసుకునేవాళ్లట. ప్రాణం కన్నా ధనమే ఎక్కువ అనుకుని సముద్రానికి తెగించి వచ్చినవాళ్ల నుంచి మేము సుంకం తప్ప ఇంకేమీ తీసుకోం అని ఆయన రాయించాడు. సుంకం ముప్పై వంతుల్లో ఒక వంతు. దారికి భరోసా ఇచ్చాడు. ఆ శతాబ్దం చివర్లో మార్కో పోలో ముత్ఫిలి అని రాసిన రేవు ఇదే. ఆ ఇసుక మీద నిలబడి ట్రేడ్ అంటే బాట అని చెబితే పిల్లలకి మళ్లీ చెప్పాల్సిన పని లేకపోయింది.

దీంట్లో జారిపడే చోటు ఒకటుంది

ట్రెడ్ అంటే తొక్కడం అని చెప్పగానే ఒకడు ఎగిరి గంతేశాడు: “సార్, ట్రెడ్, త్రొక్కు, రెండూ ఒకటే!” వినడానికి ఎంత దగ్గరగా ఉన్నాయో. కానీ కాదు. తొక్కు ద్రావిడ భాషల మాట, ట్రెడ్ జర్మన్ కుటుంబం మాట. రెండింటికీ సంబంధం లేదు. అలాగే ట్రెడిషన్‌కీ ట్రేడ్‌కీ కూడా సంబంధం లేదు, అది లాటిన్‌లో చేతికి అందించడం అన్న మాట నుంచి వచ్చింది. బతుకుదెరువు, ట్రేడ్ ఒకే తీరున నడిచాయి అన్నాను తప్ప ఒక తల్లి పిల్లలు అనలేదు. ఈ తేడా దగ్గర చాలా గట్టిగా ఉండాలి.

వాట్సాప్‌లో వచ్చేవాటిని అసలు నమ్మొద్దు. న్యూస్ అంటే నాలుగు దిక్కుల ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలు అని ఏటా ఎవరో ఒకరు నాకు పంపుతారు. న్యూ అంటే కొత్త, కొత్త సంగతులు న్యూస్, అంతే. ఒక పాత మాట పుట్టుకను పొడి అక్షరాలుగా విడగొట్టి చెబుతుంటే అది కట్టుకథే అనుకుని డిక్షనరీ చూడండి. పాత రూపం ఏమిటి, ఏ కాలంలో మొదట కనబడింది, ఏ భాష నుంచి ఏ దారిన వచ్చింది, ఈ మూడూ చెప్పలేని కథని నోటుబుక్కులోకి రానివ్వకండి.

తెలుగు మాటలకి బ్రౌన్ నిఘంటువు చూసుకోండి. 1852లో అచ్చయింది, ఇప్పుడు ఫోన్లోనే ఉచితంగా చూడొచ్చు.

ఇక ఫారాల సంగతి

ఇదంతా చదివినవాళ్లు ఇంట్లో ఎవరిదైనా ఫారం నింపాల్సి వస్తే ఇలా చేయండి. ఐటీఐ దరఖాస్తులో ట్రేడ్ అని ఉంటే నేర్చుకోవాలనుకునే పని పేరు రాయాలి. మీకు ఇష్టమైనది ముందు, తర్వాతది తర్వాత. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ రెండేళ్లు, వెల్డర్ ఒక ఏడాది, అది చూసుకుని వరుస పెట్టుకోండి. అప్రెంటిస్‌షిప్ దరఖాస్తులో అయితే మీ సర్టిఫికెట్ మీద ఉన్న పేరు అక్షరం తేడా లేకుండా దించండి. మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్స్‌కి కొట్లో ఏం అమ్ముతారో, ఏం చేస్తారో రాయాలి, టిఫిన్ హోటలా, కిరాణానా, వెల్డింగ్ షాపా అని. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో లీగల్ నేమ్, ట్రేడ్ నేమ్ అని రెండు గళ్లుంటాయి. మొదటిదాంట్లో పాన్ కార్డు మీద ఉన్న పేరు, రెండోదాంట్లో మీ కొట్టు బోర్డు మీద రాయించుకున్న పేరు.

ఏ గడిలోనూ ‘లేదు’ అని మాత్రం రాయకండి. అర్థం కాకపోతే ఖాళీగా ఉంచి, కాగితం తీసుకునే మనిషిని అడిగి, ఆ మనిషి ముందే రాసి ఇవ్వండి. మా పిల్లలు ఈ సంవత్సరం కొత్త చీటీలు మొదలుపెట్టారు. పొగాకు బేలుకి ధర పడకపోతే వేలం కేంద్రంలో ‘నో బిడ్’ అంటారు, ఆ బిడ్ అన్న మాటతో. ఇప్పటికి పదకొండు చీటీలు వచ్చాయి, డిక్షనరీ ఇంకా తెరవలేదు.